దేశం జారిన వైద్యం: పశ్చిమ ప్రకాశం నీటి నేపథ్యంలో ఆయుర్వేద సూత్రాలు, ఆచరణ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి దోషం, కాలం, బలం, ప్రకృతి వంటి వాటితో పాటు ‘దేశం’ కూడా ఒక ఆధారం. రోగి పుట్టి పెరిగిన నేల, తాగే నీరు, తినే తిండి ఈ మాటలో ఇమిడి ఉన్నాయి. సంహితా గ్రంథాలు ఈ భావనకు ఇచ్చిన ప్రాధాన్యం నేటి ఆచరణలో ఎంతవరకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు క్షేత్రం మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి, పొదిలి ప్రాంతాలతో కూడిన పశ్చిమ ప్రకాశం. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల కలిగే వ్యాధిని సందర్భంగా తీసుకుని నీటి పరీక్ష, వాతవ్యాధి, కషాయకల్పన, పథ్యం, జనపదోద్ధ్వంసం అనే అయిదు అంశాలను విమర్శనాత్మకంగా చర్చించడం జరిగింది. సూత్రంలో ఉన్న దేశం ఆచరణలో జారిపోయిందని, దాన్ని తిరిగి నిలబెట్టడానికి కావలసిన సాధనాలు సిద్ధాంతంలోనే ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆయుర్వేదం, దేశం, పశ్చిమ ప్రకాశం, జలదోషాలు, వాతం, యుక్తి, ఫ్లోరోసిస్, జనపదోద్ధ్వంసం, బసవరాజీయం.

1. ఉపోద్ఘాతం

ఆయుర్వేదాన్ని గురించి తెలుగులో వస్తున్న రచనల్లో రెండు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. ఆధునిక వైద్యం కనుగొన్న ప్రతి అంశమూ సంహితల్లో ముందే ఉందని చెప్పడం మొదటిది. ప్రయోగశాలలో రుజువు కాని సంప్రదాయ జ్ఞానమంతా విశ్వాసమేనని తోసిపుచ్చడం రెండవది. రెండు ధోరణులూ గ్రంథాన్ని చదివే శ్రమను తప్పిస్తాయి. ఒక శాస్త్రం తన సూత్రాలకు తాను ఎంతవరకు కట్టుబడి ఉందని అడగడం మూడవ మార్గం. ఒక నిర్దిష్టమైన నేల మీద, ఒక నిర్దిష్టమైన వ్యాధి ఎదుట ఆ ప్రశ్న వేసినప్పుడు సమాధానం నిక్కచ్చిగా దొరుకుతుంది.

అటువంటి నేల పశ్చిమ ప్రకాశం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పడమట నల్లమల అడవి, దాని దిగువన మార్కాపురం పలకరాయి నేలలు, తూర్పుకు వచ్చేకొద్దీ కనిగిరి వైపు గట్టి గ్రానైట్ శిలలు ఈ ప్రాంతపు స్వరూపం. వాన తక్కువ. చెరువు నిండని సంవత్సరాల్లో బోరుబావే దిక్కు.

మనదేశంలో మనుషులకు సోకిన ఫ్లోరోసిస్ గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి ఆ నివేదికను ప్రకటించారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పటికి నెల్లూరు జిల్లాలోనివే. దాదాపు తొమ్మిది దశాబ్దాలుగా ఈ వ్యాధికి పేరుంది, కారణం తెలుసు. అంతకుముందు తరతరాలుగా ఇక్కడి జనం అదే నేల నీరు తాగారు, నడుం పట్టేసినప్పుడు, మోకాళ్లు వంగనప్పుడు అందుబాటులో ఉన్న వైద్యుణ్ణి ఆశ్రయించారు. ఆ వైద్యం ఏ సూత్రాల మీద నిలిచింది, ఆ సూత్రాలు ఈ నేలను ఎంతవరకు చూడగలిగాయి అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. దేశం: సంహితల్లో దాని స్వరూపం

చరకసంహిత విమానస్థానంలో ‘దేశం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. భూమి ఒక దేశం, రోగి శరీరం మరొక దేశం. వైద్యుడు పరీక్షించవలసిన అంశాల్లో ఈ రెండింటినీ ఒకే మాట కింద చేర్చడం యాదృచ్ఛికం కాదు. రోగి ఏ భూమిలో పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, ఎక్కడ జబ్బుపడ్డాడు, ఆ భూమిలోని జనానికి ఆహారవిహారాలు ఎటువంటివి అన్నవి తెలిస్తే గాని శరీరం అర్థం కాదన్నది అక్కడి భావం. దేశకాలాలను ఎరిగి ఔషధాన్ని యోజించగలవాడే ఉత్తమ వైద్యుడని సూత్రస్థానం తొలి అధ్యాయంలోనే చరకం నిర్ణయించింది.

భూమిని జాంగలం, అనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించారు. తడి, నీడ ఎక్కువగా ఉన్నది అనూపం. ఎండ, గాలి, ముళ్ల చెట్లు ఎక్కువగా ఉన్నది జాంగలం. రెండు లక్షణాలూ సమంగా ఉన్నది సాధారణం. చరకసంహిత కల్పస్థానం జాంగలదేశానికి గుర్తుగా చెప్పిన చెట్లలో ఖదిరం, సల్లకి, బదరి, తిందుకం, ఆమలకం ఉన్నాయి. తెలుగులో ఇవి చండ్ర, అందుగు, రేగు, తుమికి, ఉసిరి. నల్లమల పరిసరాలు తెలిసిన పాఠకుడికి ఈ పట్టిక పరాయిదిగా తోచదు. పశ్చిమ ప్రకాశం జాంగలదేశమని చెప్పడానికి వేరే వాదం అక్కరలేదు.

జాంగలదేశం వాతప్రధానమని అష్టాంగహృదయం చెబుతుంది. అనూపంతో పోలిస్తే అక్కడివారు దృఢమైన, పొడి శరీరాలు కలవారనీ, అక్కడ రోగాలు తక్కువనీ సంప్రదాయంలో ఒక అభిప్రాయం స్థిరపడింది. తేమనేలలో వ్యాపించే జ్వరాలను, క్రిములను దృష్టిలో పెట్టుకుంటే ఈ అభిప్రాయం సమంజసమే. అయితే ఈ వర్గీకరణ భూమి పైభాగాన్ని, అంటే చెట్టు, గాలి, తడి, ఎండ అనేవాటిని చూసి చేసింది. రాయిలో ఏమున్నదో, ఆ రాయి మీదుగా వందల ఏళ్లు నిదానంగా ఇంకిన నీటిలో ఏమి కరిగిందో చెప్పడానికి అందులో చోటు లేదు. భూమి పైన ఆరోగ్యకరమని తోచిన పొడితనమే భూగర్భంలో సమస్యకు ఒక కారణం. వాన తక్కువైన చోట భూగర్భజలం పలచబడదు. ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ వంటి ఖనిజాలున్న శిలల్లో నీరు ఎక్కువకాలం నిలిచేకొద్దీ అందులో ఫ్లోరైడ్ పెరుగుతుంది.

3. నీటి పరీక్ష: ఆరు దోషాలు, తెలుగు నుడికారం

జలాన్ని గురించి విస్తారంగా చర్చించిన గ్రంథం సుశ్రుతసంహిత. సూత్రస్థానం నలభై అయిదవ అధ్యాయంలో భౌమజలాన్ని బావి, నది, సరస్సు, చెరువు, సెలయేరు మొదలైన ఆశ్రయాలను బట్టి విభజించి ఒక్కొక్కదానికి గుణాలు చెప్పారు. అదే అధ్యాయంలో నీటికి ఆరు దోషాలను పేర్కొన్నారు. అవి స్పర్శ, రూప, రస, గంధ, వీర్య, విపాక దోషాలు. ఈ వ్యాసం చర్చకు ఈ ఆరింటి క్రమం కీలకమైనది. మొదటి నాలుగు ఇంద్రియాలకు అందుతాయి. జిగట, బురద, నాచు, చెడు రుచి, దుర్వాసన తాగకముందే తెలుస్తాయి. చివరి రెండు తాగిన తర్వాత శరీరంలో కలిగే ఫలితాన్ని బట్టి మాత్రమే తెలుస్తాయి. చూడటానికి, రుచికి మంచిదైన నీరు కూడా లోపల చెరుపు చేయగలదని సుశ్రుతసంహిత అంగీకరించిందన్నమాట.

ఫ్లోరైడ్ కరిగిన నీటికి రంగు లేదు, వాసన లేదు, ప్రత్యేకమైన రుచి లేదు. కాబట్టి మొదటి నాలుగు పరీక్షల్లోనూ అది నిర్దోషమే. దాని చోటు అయిదవ, ఆరవ దోషాల్లో ఉంది. ఇది ప్రాచీనులకు ఫ్లోరైడ్ తెలుసని చెప్పడం కాదు. తెలియని దోషానికి సైతం తావు మిగిల్చిన వర్గీకరణ అది అని గుర్తించడం మాత్రమే.

తెలుగు నుడికారంలో కూడా ఈ రెండు రకాల పరీక్షలూ ఉన్నాయి. తాగునీటిని తెలుగువారు మంచినీళ్లు అంటారు. దానికి ఎదురుమాట చెడ్డనీళ్లు కాదు, ఉప్పునీళ్లు. మంచి అనే విలువను నాలుకే నిర్ణయిస్తున్నది. రెండవ కొలబద్ద వంటింటిది. పప్పు ఉడికే నీళ్లు మంచివి, ఉడకనివి చవుడువి. కాల్షియం ఎక్కువైన కఠినజలంలో పప్పు తొందరగా ఉడకదు. చిక్కు ఇక్కడే ఉంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగుకు చేరే వీలుంటుంది. కాల్షియం తక్కువై క్షారగుణం ఎక్కువైన నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలుస్తుంది. పప్పు చక్కగా ఉడికించే నీరు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు కూడా కావచ్చు. నాలుక, వంటగది కలిసి ఎంపిక చేసిన మంచినీటి బావి ఎముకకు మంచిది కాకపోయే ప్రమాదం ఈ నేలలో ఉంది.

అయితే తెలుగులోనే మరో పలుకుబడి ఉంది. కొత్త ఊరికి వెళ్లినవారికి ఒంట్లో నలతగా ఉంటే ‘ఆ ఊరి నీళ్లు పడలేదు’ అంటారు. ఇది రుచిని గురించిన మాట కాదు, ఫలితాన్ని గురించిన మాట. వీర్యవిపాక దోషాలకు ఇంతకంటె సహజమైన తెలుగు దొరకదు. కాని ఈ మాటను పరాయి ఊరి నీటికే వాడతారు. పుట్టిన ఊరి నీళ్లు పడలేదని ఎవరూ అనరు. అలవాటైనది శరీరానికి సరిపడుతుందనే సాత్మ్యభావన ఇందుకు కారణం కావచ్చు. నెమ్మదిగా, ఇరవై ముప్పై ఏళ్లకు ఎముకలో కూడుకునే దోషాన్ని ఈ భావన కనబడనివ్వదు.

జలాశయాలకు చెప్పిన గుణాలను అక్షరాలా అనుసరించడంలోనూ ఇక్కడ ఇబ్బంది ఉంది. సుశ్రుతసంహిత ప్రకారం చెరువు నీరు వాతాన్ని పెంచేది, బావి నీరు కొంచెం క్షారగుణం కలిగి తేలికగా ఉండి అగ్నిని దీపింపజేసేది. ఈ మాట ప్రకారం వాతరోగిని చెరువు నుంచి బావికి మళ్లించాలి. కంభం చెరువు వంటి ఉపరితల జలాశయాల్లో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువ, లోతైన రాతి బావుల్లో ఎక్కువ. విజయనగర కాలంలో గుండ్లకమ్మ మీద కట్టిన ఆ చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. అటువంటి చెరువు నుంచి రోగిని రాతిబావికి పంపడం ఈ నేలలో సూత్రానికే విరుద్ధం. గుణపట్టిక ఏ దేశాన్ని చూసి రాశారో ఆ దేశానిది. దాన్ని మరో దేశానికి తెచ్చేటప్పుడు తిరిగి పరీక్షించాలన్నది సంహితల స్ఫూర్తి.

4. ‘వాతం’ అనే పేరు

పశ్చిమ ప్రకాశంలోనే కాదు, తెలుగునేల అంతటా నడుం పట్టేసినా కీళ్లు బిగుసుకున్నా వినిపించే మొదటి మాట వాతం. ‘వాతం చేసింది’, ‘వాతపు నొప్పులు’, ‘కీళ్లవాతం’ అనేవి వైద్యుడూ రోగీ ఇద్దరూ వాడే మాటలు. పారిభాషిక పదం ఇంత లోతుగా వాడుకలోకి ఇంకడం ఆయుర్వేదం సాధించిన విజయం. అదే సమయంలో అది ఒక బలహీనత. పేరు పెట్టగానే కారణం తెలిసిపోయినట్లు అనిపిస్తుంది.

చరకసంహిత సూత్రస్థానం ఇరవయ్యవ అధ్యాయం కేవలం వాతం వల్ల కలిగే వికారాలు ఎనభై అని లెక్కించింది. ఆ పట్టికలో త్రికగ్రహం, పృష్ఠగ్రహం, గ్రీవాస్తంభం, కుబ్జత్వం, దంతభేదం ఉన్నాయి. నడుము దిగువ భాగం, వీపు, మెడ పట్టేయడం, గూని తేలడం, పళ్లు పగలడం అని వాటి అర్థం. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్నెముక బిగుసుకుంటుంది, మెడ తిరగదు, కొందరికి వీపు వంగిపోతుంది. ఎముకలోని హైడ్రాక్సీ అపటైట్‌లో ఫ్లోరైడ్ చేరడం, సంధిబంధాలు సున్నపురాయిలా గట్టిపడటం ఇందుకు కారణం. ఈ లక్షణాలు ఎనభై వికారాల్లో అక్కడక్కడ విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపి ఒకే వ్యాధిగా చూపిన గ్రంథం లేదు. కాబట్టి ఫ్లోరోసిస్ చరకుడికి తెలుసు అనడం ఎంత తప్పో, ఈ పట్టిక నిరుపయోగం అనడం కూడా అంతే తప్పు. లోపించింది వాటిని కలిపే పని.

ఆ పనికి కావలసిన సాధనం చరకసంహితలోనే ఉంది. సూత్రస్థానం పదకొండవ అధ్యాయం ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనే మూడు ప్రమాణాలకు తోడుగా ‘యుక్తి’ని నాలుగవ ప్రమాణంగా స్వీకరించింది. అనేక కారణాల కలయిక వల్ల కలిగే ఫలితాన్ని గ్రహించే బుద్ధి యుక్తి. నీరు, దుక్కి, విత్తనం, ఋతువు కలిస్తే పంట పండుతుందనే సేద్యపు ఉదాహరణతో దాన్ని వివరించారు. ఈ యుక్తిని ఒక గ్రామానికి అన్వయిస్తే ప్రశ్నలు మారతాయి. తాతకు నడుం వంగింది, తండ్రికి మోకాళ్లు పట్టేశాయి, పదేళ్ల మనవడి ముందుపళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. ముగ్గురి వయసు వేరు, ప్రకృతి వేరు, బావి ఒక్కటే. పంటిచార ఎనిమిదేళ్లలోపు, పన్ను తయారవుతున్న దశలో పడిన ముద్ర. అది తాత నడుముకు సాక్ష్యం చెబుతున్నది.

వైద్యుడు ఒక్కొక్క రోగి నాడిని విడిగా చూసినంతకాలం ఈ సాక్ష్యం కనిపించదు. ఆయుర్వేదం గొప్పదనంగా చెప్పుకునే వ్యక్తిపరమైన చికిత్స ఇక్కడ అడ్డుగోడ అవుతుంది. నూనెమర్దన, స్వేదనం నొప్పికి ఉపశమనం ఇవ్వగలవు. ఆ ఉపశమనం నిజమైనదే. కాని చికిత్సకు సారం నిదానపరివర్జనమని, అంటే కారణాన్ని తొలగించడమేనని సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం చెప్పింది. కారణం బిందెలో ఉండగా తైలం ఒంటిమీద పనిచేస్తున్నది.

5. కాచిన నీరు, కషాయం: ఒక లెక్క

ఆచరణలో దేశాన్ని మరచిపోతే ఏమవుతుందో కషాయకల్పన స్పష్టంగా చూపుతుంది. మామూలు కషాయానికి ఒక పలం ద్రవ్యాన్ని పదహారు పలాల నీటిలో వేసి ఎనిమిదవ వంతు మిగిలేదాకా కాచాలని శార్ఙ్గధరసంహిత విధానం. నేటి మానంలో పలం దాదాపు 48 గ్రాములు. అంటే సుమారు 768 మిల్లీలీటర్ల నీరు 96 మిల్లీలీటర్లకు చేరుతుంది. ద్రవాలకు రెట్టింపు కొలత తీసుకోవాలనే పరిభాషను పాటిస్తే నీటి పరిమాణం ఇంకా పెరుగుతుంది.

నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ ఆవిరి కాదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీటితో ఈ కషాయం కాస్తే మిగిలిన దానిలో సుమారు 2.3 మిల్లీగ్రాములు ఉంటుంది. అందులో కొంత ద్రవ్యపు పిప్పిని అంటుకుని పోవచ్చు. తక్కినదంతా ఒక్క మోతాదుతో లోపలికి వెళుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామును అంగీకార పరిమితిగా, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా భారతీయ ప్రమాణాలు నిర్ణయించాయి. ఒకపూట కషాయం లీటరున్నర పరిమితి నీటిలో ఉండే మొత్తాన్ని మోసుకొస్తున్నది. కీళ్లనొప్పికి రెండుపూటలా నెలల తరబడి ఇచ్చే కషాయం నొప్పికి మూలమైనదాన్నే తెచ్చి ఇస్తుంది.

ఉష్ణోదకం సంగతీ ఇంతే. నీటిని సగం, పాతిక మిగిలేదాకా మరిగించి తాగడం చాలా రోగాల్లో హితమని గ్రంథాలు చెబుతాయి. క్రిముల విషయంలో ఈ మాట నేటికీ శిరోధార్యం. ఫ్లోరైడ్ విషయంలో సగానికి మరిగించిన నీటి గాఢత రెట్టింపవుతుంది. కలకనీటిని తేర్చడానికి సుశ్రుతసంహిత చెప్పిన ఏడు సాధనాల్లో మొదటిది కతకం, అంటే చిల్లగింజ. నల్లమల చెంచులు సేకరించే అటవీ ఉత్పత్తుల్లో ఇదీ ఒకటి. గింజను అరగదీసి కలిపితే మడ్డి అడుగుకు దిగుతుంది, నీరు తేటపడుతుంది. తేటపడిన నీటిలో ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. రూపదోషం పోయింది, వీర్యదోషం పోలేదు.

ఈ లెక్క కషాయాన్ని నిరాకరించడానికి కాదు. ద్రవ్యాన్ని ఏ నేలలో, ఏ ఋతువులో సేకరించాలో ఇంత వివరంగా చెప్పిన శాస్త్రంలో కాచే నీటికి కూడా అంతే శ్రద్ధ దక్కవలసి ఉంది. వర్షజలం ఉత్తమమని సంహితలు పదేపదే చెప్పాయి. ఈ ప్రాంతంలో కషాయానికి వాననీరు గాని, పరీక్షించిన ఉపరితల జలం గాని వాడాలనడం ఆ మాటకు నేటి అన్వయం.

6. పథ్యం, చింతపండు

తెలుగువారి దృష్టిలో ఆయుర్వేదమంటే పథ్యమే. కీళ్లనొప్పులకు మందు వాడేటప్పుడు పులుపు, ముఖ్యంగా చింతపండు మానాలనే పథ్యం విస్తృతంగా వ్యాపించి ఉంది. సూత్రం చూస్తే పరిస్థితి వేరు. మధుర, ఆమ్ల, లవణ రసాలు వాతాన్ని శమింపజేస్తాయన్నది సంహితలన్నీ అంగీకరించిన మాట. కేవల వాతానికి పులుపు శత్రువు కాదు. ఆమం, రక్తం, పిత్తం కలిసిన స్థితుల్లో చెప్పిన నిషేధం క్రమంగా నొప్పులన్నిటికీ వ్యాపించి ఉండవచ్చు. సందర్భం నుంచి విడిపోయిన పథ్యానికి ఇది మంచి ఉదాహరణ.

చింతపండు సేవన వల్ల మూత్రం ద్వారా ఫ్లోరైడ్ విసర్జన పెరిగిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో నివేదించారు. అది కొద్దిమంది బాలురపై, కొద్దిరోజులు జరిగిన పరిశీలన. చింతపండు ఫ్లోరోసిస్‌ను నయం చేస్తుందని దాన్నిబట్టి చెప్పరాదు. కాని పులుసు, చారు రోజువారీ ఆహారమైన చోట, ఫ్లోరైడ్ నీరు తాగే రోగి చేత చింతపండు మాన్పించే ముందు ఆలోచించాలని చెప్పడానికి అది చాలు. పాలు, పెరుగు, ఆకుకూరల్లోని కాల్షియం పేగుల్లో ఫ్లోరైడ్ శోషణను తగ్గిస్తుందన్న విషయం స్థిరపడింది. పాలు, పెరుగు మాన్పించే పథ్యాలకూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. పథ్యం దేశాన్ని అనుసరించాలన్న సూత్రం ఉండగా ఒకే పథ్యపట్టిక కోనసీమకూ కనిగిరికీ చెల్లుతున్నది.

7. యోగం మిగిలి దేశం జారిన తీరు

ఈ మార్పు ఎలా వచ్చిందో తెలుగు వైద్యవాఙ్మయంలో వెతకాలి. తెలుగునేలపై ఎక్కువ ప్రచారం పొందిన గ్రంథం బసవరాజీయం. కొట్టూరు బసవరాజు సంస్కృతంలో సంకలనం చేసి తెలుగు వివరణలతో కూర్చిన ఈ గ్రంథంలో 25 ప్రకరణాలున్నాయి. నాడీపరీక్షతో మొదలై జ్వరాదిరోగాలకు నిదానలక్షణాలు, వాటికి చూర్ణాలు, తైలాలు, రసయోగాలు వరసగా వస్తాయి. వల్లభాచార్యుల వైద్యచింతామణి కూడా ఈ కోవలోదే. సంహిత చదివే తీరిక, సౌకర్యం లేని గ్రామవైద్యుడి చేతికి ఇవి ఉపయోగపడే పుస్తకాలు. రోగం పేరు తెలిస్తే యోగం దొరుకుతుంది. ఆ సౌలభ్యమే వీటిని తరతరాలుగా బతికించింది.

సౌలభ్యానికి మూల్యం లేకపోలేదు. సంహితలో తత్త్వం, ప్రమాణం, దేశకాలాలు ముందు వస్తాయి, యోగం తర్వాత వస్తుంది. యోగసంగ్రహంలో ఆ ముందుభాగం కుదించుకుపోయి, ప్రశ్న నుంచి నేరుగా జవాబుకు దారి పడుతుంది. గురువు పక్కన కూర్చుని నేర్చుకున్న వైద్యుడికి దేశజ్ఞానం మౌఖికంగా అందేది. ఏ వాగు దగ్గర ఏ మొక్క బలంగా ఉంటుంది, ఏ ఊరివారికి ఏ బాధ ఎక్కువ అన్నవి గ్రంథంలో రాయని పాఠాలు. గురుపరంపర సన్నగిల్లాక రాసిన యోగం మిగిలింది, రాయని దేశం జారిపోయింది.

చట్టం ఈ స్థితిని మరింత స్థిరపరచింది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం తొలి అనుబంధంలోని ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల పట్టికలో బసవరాజీయం, వైద్యచింతామణి ఉన్నాయి. తెలుగు వైద్యానికి ఇది గౌరవమే. కాని చట్టం ప్రమాణంగా తీసుకునేది గ్రంథంలోని యోగాన్ని. ఆ యోగం ఎక్కడ తయారైనా, ఎక్కడ అమ్మినా ఒకటే. సీసా మీద ద్రవ్యాల పేర్లు ఉంటాయి, తాగేవాడి బావి గురించి ఉండదు. సల్లకి పేరుతో కీళ్లనొప్పులకు అమ్మే మాత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. సల్లకి జాంగలదేశానికి గుర్తుగా చరకం చెప్పిన చెట్లలో ఒకటి. చెట్టు మందుగా మారి నలుదిక్కులా తిరుగుతున్నది. అది గుర్తుచేయవలసిన దేశం మాత్రం మరుగునపడింది.

8. జనపదోద్ధ్వంసం: బాధ్యత ఎవరిది?

వ్యక్తిపరమైన చికిత్సకు పరిమితి ఉందని చరకసంహితకు తెలుసు. విమానస్థానం మూడవ అధ్యాయం దానికి నిదర్శనం. పాంచాలదేశపు కాంపిల్యనగరం దగ్గర గంగాతీరంలో తిరుగుతున్న ఆత్రేయుణ్ణి శిష్యుడైన అగ్నివేశుడు ఒక ప్రశ్న అడుగుతాడు. ప్రకృతి, ఆహారం, బలం, సాత్మ్యం, వయసు వేరువేరైన మనుషులు ఒకే వ్యాధితో ఒకేసారి ఎలా నశిస్తారన్నది ఆ ప్రశ్న. త్రిదోష సిద్ధాంతానికి లోపలి నుంచి వచ్చిన అత్యంత తీవ్రమైన ఆక్షేపణ ఇదే. మనుషులు వేరైనా అందరికీ సమానమైనవి నాలుగున్నాయి, అవి వాయువు, జలం, దేశం, కాలం అన్నది ఆత్రేయుడి సమాధానం. వీటిలో ఒకదానికంటె తర్వాతిది తప్పించుకోవడానికి మరింత కష్టమైనదని కూడా అంటాడు.

అక్కడి వర్ణన వేగంగా ప్రబలే మహమ్మారులకు సంబంధించినది. దుష్టజల లక్షణాలు కూడా రంగు, వాసన, రుచులకు చెందినవే. ఫ్లోరోసిస్ వంటి నెమ్మదైన వ్యాధికి దాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా అగ్నివేశుడి ప్రశ్న పశ్చిమ ప్రకాశానికి అక్షరాలా సరిపోతుంది. సుశ్రుతసంహిత సైతం ఏ పర్వతంలో పుట్టిన నదుల నీటివల్ల ఏ రోగం వస్తుందో చెబుతూ హిమవత్పర్వత నదులకు గళగండాన్ని, మహేంద్రగిరి నదులకు శ్లీపదాన్ని ముడిపెట్టింది. హిమాలయ ప్రాంతాల్లో అయోడిన్ లోపం వల్ల గళగండం విస్తృతంగా ఉండేదని నేడు తెలుసు. కారణద్రవ్యం పేరు తెలియకుండానే నేలకూ నీటికీ రోగానికీ ఉన్న సంబంధాన్ని పట్టుకున్న పరిశీలన అది. అటువంటి పరిశీలన కనిగిరి బావులకు కొనసాగి ఉంటే ‘వాతం’ అనే పేరు వెనుక బావి కనిపించేది.

ఆత్రేయుడు సూచించిన ఉపాయాల్లో క్షేమకరమైన జనపదాన్ని ఆశ్రయించడం ఒకటి. ఊరు విడిచి వెళ్లగలవారికి ఆ మాట చెల్లుతుంది. పశ్చిమ ప్రకాశం పల్లెల నుంచి బతుకుతెరువుకు వలసపోయేవారు ఉన్నారు. ముసలివాళ్లు, పిల్లలు మాత్రం ఎక్కువగా ఆ బావి దగ్గరే మిగులుతారు. అందుచేత అదే అధ్యాయంలోని మరో అంశం ఇక్కడ ఎక్కువ విలువైనది. జనపదం చెడటానికి మూలం అధర్మమనీ, దేశాన్ని, నగరాన్ని, శ్రేణిని నడిపే ముఖ్యులు ధర్మం తప్పడంతో అది మొదలవుతుందనీ చరకం చెప్పింది. దీన్ని కేవలం నీతిబోధగా చదవడం పరిపాటి. ప్రజారోగ్యానికి సంబంధించిన బాధ్యతను పాలకుల మీద పెట్టిన వాక్యంగా చదవడం ఎక్కువ న్యాయం. శిలలోని ఖనిజానికి పాలకులు బాధ్యులు కారు. దోషం తెలిశాక మంచినీరు అందకపోవడానికి వారే బాధ్యులు.

శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద దాదాపు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా కృష్ణాజలాన్ని తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టును ఈ దృష్టితో చూడాలి. సేద్యపు నీటితో పాటు 15 లక్షల మందికి పైగా తాగునీరు అందించడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆయుర్వేద పరిభాషలో అది నిదానపరివర్జనం. ఆ పనికి పట్టే ప్రతి సంవత్సరం ఒక తరం పిల్లల పళ్లు, ఎముకలు తయారయ్యే సంవత్సరం. పంటిమీద పడిన చార తిరిగి పోదు. గట్టిపడిన వెన్నెముక మునుపటిలా మెత్తబడదు.

9. ముగింపు

పై చర్చ వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఆయుర్వేద సిద్ధాంతంలో దేశం రోగికి నేపథ్యం కాదు, రోగనిర్ణయంలో భాగం. యోగసంగ్రహాలు, మందుల మార్కెట్టు, గురుపరంపర క్షీణత కలిసి ఆచరణలో దాన్ని వెనక్కి నెట్టాయి.

2. జాంగలదేశం ఆరోగ్యకరమనే అభిప్రాయం, చెరువు, బావి నీళ్లకు చెప్పిన గుణాలు పశ్చిమ ప్రకాశానికి యథాతథంగా వర్తించవు. సుశ్రుతసంహిత చెప్పిన వీర్యవిపాక దోషాలు మాత్రం ఇంద్రియాలకు అందని జలదోషాన్ని చర్చించడానికి తావిస్తున్నాయి.

3. ‘మంచినీళ్లు’, ‘వాతం’ అనే రెండు తెలుగు మాటలు ఈ ప్రాంతంలో కారణాన్ని కప్పిపుచ్చగలవు. మొదటిది రుచిని ఆరోగ్యంగా, రెండవది లక్షణాన్ని కారణంగా భ్రమింపజేస్తుంది.

4. ఫ్లోరైడ్ నీటితో కాచిన కషాయం, ఉష్ణోదకం రోగికి హాని చేయగలవు. పులుపును, పాలపదార్థాలను మాన్పించే పథ్యాన్ని ఈ దేశానికి తగినట్లు పునఃపరిశీలించాలి.

5. యుక్తి ప్రమాణం, నిదానపరివర్జనం, జనపదోద్ధ్వంస భావన ఈ పునఃపరిశీలనకు చాలిన ఆధారాలు. ఇందుకోసం ఆయుర్వేదం తన సిద్ధాంతాన్ని వదులుకోనక్కరలేదు, దాన్ని పూర్తిగా పాటిస్తే చాలు.

నాడిని పట్టుకునే ముందు ‘మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారు, మీ పిల్లల పళ్లు ఎలా ఉన్నాయి’ అని అడిగే వైద్యుడు పశ్చిమ ప్రకాశంలో చరకానికి అసలైన వారసుడు. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాలను ఊరివారీగా నమోదు చేయడం ఆయుర్వేద కళాశాలలూ తెలుగు పరిశోధకులూ కలిసి చేయదగిన పని.